పాట వచ్చింది... మరి మాట?

మన పిల్లలు తెలుగు పాట పాడుతుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో వేరే చెప్పాలా? క్రిస్మస్ కార్యక్రమంలో పన్నెండుమంది వేదిక మీద వరసగా నిలబడి మూడు చరణాలూ తడుముకోకుండా పాడేస్తారు. అమ్మానాన్నల సెల్‌ఫోన్లన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. రాత్రికల్లా ఆ వీడియో గుంటూరుకో, కాకినాడకో చేరిపోతుంది. అక్కడ నానమ్మ మురిసిపోయి ఫోన్ చేసి, "ఎంత బాగా పాడావు తల్లీ! ఇంతకీ కృప అంటే ఏంటో చెప్పు" అని అడిగిందనుకోండి. ఇవతల నిశ్శబ్దం.

వారంలో అయిదు రోజులు కంప్యూటర్ల మధ్య బతికే నాకు, కౌలాలంపూర్‌లో ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలకు పాటలు నేర్పే పని కొన్నేళ్లుగా అప్పగించారు. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. కాకపోతే ఈ తరగతికి విద్వాంసులైనా తిప్పలు పడాల్సిందే. అయిదేళ్ల వాళ్లూ పన్నెండేళ్ల వాళ్లూ ఒకే గదిలో ఉంటారు. ఒకరు నిరుడే హైదరాబాదు నుంచి వచ్చారు, గలగలా మాట్లాడతారు. ఒకరు ఇక్కడే పుట్టారు, ఇంట్లో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబిస్తారు. ఇంకొకరు బెంగుళూరు మీదుగా వచ్చారు, తెలుగులో కన్నడం కలిసిపోయింది. పైగా మనవి ప్రాజెక్టు ఉద్యోగాలు. రెండేళ్లకో మూడేళ్లకో వీసా గడువు తీరగానే సగం తరగతి ఖాళీ అవుతుంది, కొత్త ముఖాలు వస్తాయి. అందరికీ తెలుగు చదవడం నేర్పి ఆ తర్వాత పాట మొదలుపెడదామంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. అందుకే ఆటలు పట్టుకున్నాం.

ఈ దేశంలో తెలుగు పాట మనకంటే చాలా పాతదని కొత్తగా వచ్చినవారిలో చాలామందికి తెలియదు. ఉత్తరాంధ్ర నుంచి ఓడలెక్కి వచ్చిన మన కూలీలు పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతుక్ వైపు కొబ్బరి తోటల్లో స్థిరపడ్డారు. తోట పని ముగిశాక రామభజనలు చేసుకున్నారు. వారి సంతతి 1955లో సంఘం పెట్టుకుంది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ కౌలాలంపూర్‌లోనే. నాలుగో తరం, అయిదో తరం ఇళ్లలో ఇప్పుడు మలయ్, ఇంగ్లీషు, తమిళం ఎక్కువగా వినిపిస్తాయి. అలాంటి ఇళ్లలోనూ భజన పాటలు నోటికి వచ్చినవారు కనిపిస్తారు. పాట మాటకంటే ఎక్కువ కాలం బతుకుతుందన్నమాట. అది సంతోషమే. కానీ మాట పోయాక మిగిలిన పాట ఎంత కాలం నిలుస్తుంది? మన పిల్లల విషయంలో నా దిగులంతా అదే.

చర్చి పాటలకు ఇంకో చిక్కు ఉంది. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో కన్నుమూశారు. ఆయన క్రైస్తవ పాటను మన కీర్తన పద్ధతిలోనే, పల్లవి, చరణాలతో రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట మీద రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. ఆ పాటల అందం అందులోనే ఉంది. అయితే కృప, మహిమ, స్తోత్రము, రక్షణ అనే మాటలు మన వంటింట్లో వినబడవు కదా! "అన్నం తిన్నావా, హోంవర్కు చేశావా" దగ్గర ఆగిపోయిన తెలుగుకు ఈ మాటలు పరాయి భాషే.

దాన్ని ఇంగ్లీషు అక్షరాలు మరింత గజిబిజి చేస్తాయి. యూట్యూబులో పాట కింద పడే అక్షరాలు చూసి పిల్లలు పాడతారు. ఆ స్పెల్లింగులో పదమూ పాదమూ ఒకటే, వరమూ వారమూ ఒకటే. దేవుడు వరమిచ్చాడని పాడాల్సిన పిల్లవాడు వారమిచ్చాడని పాడి, "వీక్ అంతా సెలవా అంకుల్?" అని అడిగితే నవ్వుకున్నాం గానీ, వాడి తప్పేముంది? అందుకని మా తరగతిలో మొదటి రెండు వారాలు కాగితమే ఇవ్వం. చెవితోనే నేర్చుకోవాలి.

చేతులతో మొదలు

ముందు తాళం. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, ఆ తర్వాత దెబ్బ-విసురు, దెబ్బ-విసురు. ఇది వేళ్ల లెక్కలాగా చెబితే అయిదేళ్ల పిల్లలు కూడా పది నిమిషాల్లో పట్టేస్తారు. ఆ తర్వాత ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి చెమ్మచెక్క ఆడిస్తాం. తాళంలో ఏ దెబ్బకు ఎదుటివారి చేతిని తాకాలో జంటలే నిర్ణయించుకోవాలి. పల్లవి పాడుతూ తాకాలి. తప్పితే నవ్వి మళ్లీ మొదలు. దీర్ఘం ఎక్కడ సాగుతుందో, హ్రస్వం ఎక్కడ తెగుతుందో చేతికి తెలిసిపోతుంది. పాదాన్ని పదంగా పాడితే దెబ్బ ముందే పడుతుంది. వేరే వివరణ అక్కర్లేదు.

రెండో ఆటకు మేం పెట్టుకున్న పేరు "మాయమైన మాట". అందరూ పాడుతుంటారు. నాయకుడు అరచెయ్యి పైకెత్తగానే నోళ్లు మూసి మనసులో పాడాలి. చెయ్యి దించగానే పాట ఎక్కడికి చేరిందో సరిగ్గా అక్కడ అందుకోవాలి. మొదట ఒక్క మాట, తర్వాత సగం వరస, ఆ తర్వాత వరసంతా. మొదటిసారి తలా ఒక చోట పడి గందరగోళం అవుతుంది. అదే వాళ్లకు భలే ఇష్టం. మూడు వారాలయ్యాక అందరి గొంతులూ ఒకే అక్షరం మీద వాలుతుంటే గదిలో పెద్దవాళ్లు కూడా వచ్చి చేరతారు. మాయమైన మాట అర్థం చెప్పినవారే తర్వాతి నాయకుడు. నాయకుడయ్యే ఆశతో అర్థాలు ముందే ఇంట్లో అడిగి వస్తున్నారని ఒక తల్లి చెప్పారు.

మన ఊళ్లలో మే నెల సెలవుల బైబిలు పాఠశాలల్లో అభినయ గేయాలు నేర్చుకున్నవారు మీలో చాలామంది ఉంటారు. అవి మంచివే. కానీ టీచరు ముందు నిలబడి చేసి చూపిస్తే పిల్లలు కాపీ కొడతారు. పాటేమో ఆకాశం గురించి, వాళ్ల చేతులు డ్రిల్లు క్లాసులో. మేం దాన్ని తిరగేశాం. ఒక్కో చరణం నలుగురైదుగురి జట్టుకు ఇచ్చి, అభినయం మీరే కట్టండి అంటాం. అర్థం తెలియకుండా అభినయం ఎలా కడతారు? అడగక తప్పదు. "స్తోత్రము"కు ఏ అభినయం పెట్టాలని ఒక జట్టు పావుగంట పోట్లాడుకుంది. ఆ పావుగంటలో స్తోత్రమంటే పొగడటమనీ, పొగడటానికీ బతిమాలటానికీ తేడా ఉందనీ వాళ్లే తేల్చుకున్నారు.

కుర్చీలాట మాత్రం మా దగ్గర లేదు. పాట ఆగగానే కుర్చీ దొరకనివారు బయటికి పోవాలంటే, ఎవరికి పాట ఇంకా రాలేదో వాళ్లే ముందు పోయి గోడకానుకుని కూర్చుంటారు. పాట బాగా వచ్చినవారికి ఇంకాస్త సాధన! ఇదేం న్యాయం? ఓడినవారు బయటికి పోయే ఆట ఏదైనా పాటల తరగతికి పనికిరాదని నా గట్టి అభిప్రాయం. చాక్లెట్ల బహుమతులు కూడా మానేశాం. చాక్లెట్టు లేని వారం పాట ఉండదు కాబట్టి.

ఈ నేల ఆట, మన ఆట

మలయ్ ఇళ్లలో చొంగ్కాక్ బల్ల చూశారా? మన వామనగుంటలకు సాక్షాత్తూ చుట్టమే. ఆ పక్క ఏడు, ఈ పక్క ఏడు గుంటలు, రెండు చివరలా రెండు పెద్ద ఇళ్లు. ఇక్కడి స్కూళ్లలో పిల్లలకు పరిచయమే. మేం దీన్ని పాటకు వాడుకున్నాం. గుంటకు ఏడేసి గింజలు. ఒక గుంటలోవి తీసి, తాళం దెబ్బకొక గింజ చొప్పున వేస్తూ పాడాలి. చివరి గింజ ఏ మాట మీద పడిందో ఆ మాటకు అర్థం చెప్పాలి, లేదా దానితో ఇంకో వాక్యం చెప్పాలి. తర్వాతివారు ఆ మాట నుంచే పాట అందుకోవాలి. తాళానికి దెబ్బలు ఎనిమిది, గింజలు ఏడు. కాబట్టి మొదటి చేతిలోనే పాట ఒక దెబ్బ ముందు ఆగిపోతుంది. ఆ తర్వాత గుంటల్లో గింజలు మారిపోతాయి, ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. చాలామంది పిల్లలకు పాట మొదటినుంచి అయితేనే వస్తుంది, మధ్యలో అడిగితే రాదు. ఆ జబ్బుకు ఇంతకంటే మందు నాకు కనబడలేదు. రామభజనలు నేర్పే మిత్రులూ ఈ ఆట ఆడించవచ్చు, గింజలకు మతం లేదు.

2020 మార్చి 18న ఇక్కడ రాకపోకల ఆంక్షలు మొదలయ్యాక తరగతి జూమ్‌లోకి మారింది. ఇందులో నా వృత్తి కాస్త పనికొచ్చింది. ఒకరి గొంతు నెట్‌వర్కు దాటి ఇంకొకరికి చేరడానికి కొంత ఆలస్యం తప్పదు. మాటలకు అది తెలియదు గానీ, అందరూ కలిసి పాడితే పాట చెరువులో రాళ్లు వేసినట్టు ఉంటుంది. అందుకని అందరి మైకులూ ఆపి, ఒక్కొక్కరు ఒక్కో వరస పాడే గొలుసు పాట పెట్టాం. ఎవరి పేరు పిలిస్తే వారు అందుకోవాలి. గుంపులో పెదవులు మాత్రమే కదిపే పిల్లలు ఎవరో అప్పుడే బయటపడింది! ఆంక్షలు పోయినా గొలుసు పాట పోలేదు.

పిల్లలూ, ఇది మీకే

మీరు బడిలో బహాసా మలేషియా నేర్చుకుంటున్నారు కదా? మీకు తెలియకుండానే అందులో చర్చి పాటలూ భజన పాటలూ సగం నేర్చేసుకున్నారు! చూడండి. బహాసా అంటే మన భాషే. పాటలో నామం వస్తే మలయ్‌లో నామ. స్వరం వస్తే సువార. స్వర్గం షుర్గా. భక్తి బక్తి, అక్కడ సేవ అనే అర్థంలో వాడతారు. శుచి సుచి, అంటే పవిత్రం. ఉపవాసం పువాసా. రెండు భాషలూ సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలివి.

ఇక తమాషా. మలయ్‌లో దోసా అంటే పాపం! మన దోషమే అది. కాబట్టి హోటల్లో తోసై అనే అడగండి. చింతా అంటే ప్రేమ. మన చింతేమో దిగులు. ఇవి రెండూ ఒకటెలా అయ్యాయో మీ అమ్మానాన్నలను అడిగి చూడండి.

ఇప్పుడు ఆట. మీకు వచ్చిన ఒక పాట తీసుకోండి. అందులో ఎన్ని మాటలకు మలయ్ చుట్టాలున్నారో వెతకండి. తెలుగు మాట ఒక కార్డు మీద, మలయ్ మాట ఇంకో కార్డు మీద రాసి బోర్లించి, జతలు కలపండి. జత కలిపినవారు ఆ మాట వచ్చే వరస పాడాలి. తెలుగు రాయడం రాకపోతే తాతయ్యతో వీడియో కాల్‌లో రాయించుకోండి. ఆయనకు మలయ్ మాటలు మీరు నేర్పండి.

చొంగ్కాక్ బల్ల ఇంట్లో లేదంటారా? కోడిగుడ్ల అట్టలో ఏడేసి గుంటలు రెండు వరసలు వచ్చేలా కత్తిరించండి, రెండు చివరలా రెండు గిన్నెలు పెట్టండి. గింజలు తొంభై ఎనిమిది కావాలి. పచ్చడికి తెచ్చిన చింతపండులో గింజలు పారేయొద్దని అమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచండి.