విమానాల్లేని హెర్మీస్, బాంబులు పడ్డ విశాఖ

మా నస్రుల్లాబాద్‌కి సముద్రం చాలా దూరం. మాకు పెద్ద నీళ్లంటే నిజాంసాగరే. అయినా ఆఫీసు పని అయ్యాక నేను నడిపేది విమానవాహక నౌక! ‘వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్’ ఆటలో నాలుగో టైర్‌లో ఉండే బ్రిటన్ నౌక హెర్మీస్.

కింది టైరే కదా అని తేలిగ్గా తీసుకోకండి. విమానాలు నెమ్మది. శత్రు ఓడలు గుంపుగా ఉంటే వాటి గన్‌లన్నీ కలిసి కూల్చేస్తాయి. అందుకే ఒంటరిగా తిరిగే ఓడని వెతకాలి. మన నౌకని దీవి చాటున దాచాలి. విమానాలన్నీ ఒకేసారి పోగొట్టుకుంటే, మళ్లీ తయారయ్యేదాకా చూస్తూ కూర్చోవడమే.

అసలు హెర్మీస్‌కి ఎదురైందీ ఆ పరిస్థితే. 1942 ఏప్రిల్ 9న సిలోన్ తీరంలో జపాన్ విమానాలు మీద పడేసరికి దాని డెక్ మీద ఒక్క విమానమూ లేదు. 307 మంది చనిపోయారు.

అంతకు మూడు రోజుల ముందే, ఏప్రిల్ 6న, జపాన్ నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేశాయి. ఆ ర్యూజో కూడా ఈ ఆటలో ఉంది, ఆరో టైర్‌లో.

ఆటలో ఓడ మునిగితే పోర్టుకొచ్చి మళ్లీ ‘బ్యాటిల్’ నొక్కుతాం. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకి ఆ బటన్ లేదు. మరి ర్యూజో తీసుకోవాలా? మీ ఇష్టం. నేనైతే హెర్మీస్‌తోనే ఉన్నా.