పాత ఇంటిని కాలువలు కట్టిన నెలల్లోనే పరీక్షించుకొనవలెను

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల రైతులు ఏటా తొలకరికి ముందు బోదెలలో పూడిక తీయుదురు, గట్లు సరిచేసుకొందురు, విత్తనము ఎండబోసి చూచుకొందురు. కాని తామును పిల్లలును ఏ కప్పు క్రింద పడుకొనుచున్నారో ఆ కప్పు ఎట్లున్నదో నిచ్చెన వేసి చూచువారు అరుదు. తాతలనాటి ఇల్లు, ఇంతకాలము నిలిచినది, ఇక ముందును నిలుచునని ధీమా. కృష్ణా డెల్టా దిగువ భాగమున ఈ ధీమా తగదు. ఇచ్చటి నేలయు, నీరును, గాలియు మూడును ఇంటిని తినునవే. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. దానితో పునాది లేచుచు దిగుచు ఉండును. బందరు, కోడూరు, నాగాయలంక వైపు భూమిలోని నీరు ఉప్పన. సముద్రపు గాలియు ఉప్పుగాలియే. వీనికి తోడు తుపానులు. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై పడిన ఉప్పెనకు బలియైనవారు పదివేలకు తక్కువ కారు.

అంతటి ఉప్పెనకు ఏ ఇల్లును హామీ కాదు. అట్టి సమయమున ఇల్లు విడిచి తుపాను రక్షణ భవనమునకు పోవలసినదే. అయితే ఉప్పెన రాని ఏడు కూడ నాని కూలిన గోడ క్రిందనో, తెగిన కరెంటు తీగ వల్లనో ప్రాణములు పోవుచున్నవి. వీనిని ముందుగా కనిపెట్టి ఆపుట మన చేతిలోని పని. కాలువలు కట్టివేసిన వేసవి నెలలు ఇందుకు అనువైనవి. ఊట తగ్గును, గోడలు ఆరును, తాపీవాండ్రును దొరుకుదురు.

గోడ అడుగున తెల్లని పూత

ముందుగా ఇంటి చుట్టును ఒకమారు నడచి గోడ అడుగు భాగమును చూడుడు. నేల నుండి రెండు మూడడుగుల ఎత్తు వరకు రంగు మారినదా, తెల్లని పొడి పూసినట్లున్నదా, వ్రేలితో గీరిన ఇటుక పొట్టుగా రాలుచున్నదా? అది ఉప్పు. ఇటుక వత్తివలె నేలలోని నీటిని పైకి పీల్చును. నీరు ఆవిరియై పోవును గాని అందులోని ఉప్పు ఇటుక రంధ్రములలోనే మిగిలి పలుకులుగా పెరుగును. ఆ పలుకుల ఒత్తిడికే ఇటుక లోలోపల పగులుచుండును.

ఇది చూచి చాలమంది చేయు పని ఒకటే. పాత సున్నపు గచ్చు కొట్టివేయించి గట్టిగా సిమెంటు పూత పూయింతురు. ఒక ఏడాది ఇల్లు కొత్తదివలె కనిపించును. పిమ్మట చెమ్మ మూడడుగుల నుండి అయిదడుగులకు ఎక్కును, సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడును. కారణము కష్టమైనది కాదు. సున్నపు పూత గుండ చెమ్మ బయటికి పోగలదు. సిమెంటు దారిని మూసివేయును. దారి లేని నీరు పైకి ఎగబ్రాకును. సున్నముతోను మట్టితోను కట్టిన పాత గోడలకు సిమెంటు పూయుట మేలు కాదని తాపీ మేస్త్రీకి కూడ గట్టిగా చెప్పవలెను. ఆయన ఒప్పుకొనక పోవచ్చును. డబ్బు మీది, గోడ మీది.

చేయవలసిన పని వేరు. నీరు గోడను చేరకుండ చేయుట మొదటిది. చూరు నీరు ఎక్కడ పడుచున్నది, అంట్లు తోమిన నీరు ఎటు పోవుచున్నది, పశువుల కొట్టపు మూత్రము గోడ వారనే ఇంకుచున్నదా, చూచి అన్నిటిని మురుగు బోదె వైపు మరలించవలెను. గోడ చుట్టును మూడడుగుల వెడల్పున, బయటికి రెండంగుళముల వాలుతో గచ్చు వేయించినచో చెమ్మ తగ్గుటయేగాక, పునాది క్రింది రేగడి ఒకసారి నాని ఒకసారి ఎండుట తగ్గి గోడల బీటలు కూడ నిలుచును. ఆ పిమ్మట, చెమ్మ గీతకు రెండడుగుల పై వరకు సిమెంటు పూత ఊడదీసి, ఒక వేసవి యంతయు గోడను ఆరనీయవలెను. పైకి వచ్చిన ఉప్పును పొడి కుంచెతో దులిపి, ఎత్తి దూరముగా పారవేయవలెను. నీళ్లతో కడిగినచో ఉప్పు మరల లోనికే పోవును. తరువాత ఒక పాలు సున్నము, మూడు పాళ్లు మంచినీటి ఇసుక కలిపి పలుచని పొరలుగా పూయించవలెను. బందరు తీరపు ఇసుక దగ్గరలో దొరకును, చవుక. కాని దానితో ఉప్పును మనమే కొని తెచ్చుకొనినట్లగును.

గ్రామాధికారులు గమనించవలసిన సంగతి ఒకటి గలదు. సిమెంటు రోడ్డుపై మరల రోడ్డు వేసిన ప్రతిసారియు వీధి అరడుగు లేచును, పాత ఇండ్లు ఆమేరకు పల్లమగును. ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయిన అరుగులు నేడు వీధితో సమానమైనవి. వాననీరు నేరుగా గడప దాటుచున్నది. పాత రోడ్డును త్రవ్వి తీసి, ఉన్న మట్టమునకే కొత్త రోడ్డు వేయించుటయు, ప్రక్క కాలువ ముందుగా కట్టించుటయు అంచనాలలోనే వ్రాయించవలెను.

బీటలన్నియు భయపడవలసినవి కావు. వెండ్రుక మందము బీట పూతకు సంబంధించినది. మూలల నుండి ఏటవాలుగా పోవుచు పైన వెడల్పుగా నుండు బీట పునాది కదలినదని చెప్పును. దానికి అడ్డముగా చిన్న అద్దపు ముక్కను సిమెంటుతో అంటించి తేదీ వ్రాసి పెట్టుడు. ఒక వానకాలము, ఒక వేసవి గడచినను అద్దము పగులక యున్నచో బీట నిలిచినది, పగిలినచో కదలుచున్నది. పావు అంగుళము మించిన బీటను ఇంజనీరునకు చూపవలెను. మట్టి గోడ ఉబ్బినదా, ఒరిగినదా తెలియుటకు దారమునకు బరువు కట్టి పై నుండి వ్రేలాడదీసిన చాలును. గోడ మందములో ఆరవ వంతునకు మించి, అనగా పదునెనిమిది అంగుళముల గోడలో మూడంగుళములు మించి ఒరిగినచో, వానలలో ఆ గోడ ప్రక్కన మంచము వేయరాదు, పశువును కట్టరాదు. గోడలో మొలచిన రావి మొక్కను కొమ్మ విరిచి వదలిన లాభము లేదు. వేరుతో తీసి సందు పూడ్చవలెను.

డాబా ఇండ్లవారు నిశ్చింతగా ఉండరాదు

1977 తరువాత దివిసీమలో డాబాలు విరివిగా లేచినవి. పూరిండ్లు కొట్టుకొనిపోవుట చూచినవారికి సిమెంటు కప్పు ప్రాణదాతగా తోచుట సహజము. కాని ఆనాటి డాబాలలో పెక్కింటికి వయస్సు మీరినది. ఉప్పు నీటితో కలిపిన కాంక్రీటులో ఇనుప కమ్మి లోలోపల త్రుప్పు పట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, పైనున్న కాంక్రీటును బయటికి నెట్టును. పడుకొన్నవారి మీద పెచ్చు ఊడిపడుట అందువల్లనే.

గుర్తులు ముందుగానే కనిపించును. కప్పు అడుగున కమ్మి వెంబడి తిన్నని బీట, గోధుమరంగు మరక, కర్రతో తట్టిన డొల్ల శబ్దము. ఇట్టి చోట పైపైన సిమెంటు మెత్తి సున్నము వేయుట రోగికి కొత్త బట్ట కట్టుట వంటిది. ముందు క్రింద పోట్లు నిలిపి, డొల్లయంతయు కొట్టివేసి, కమ్మి వెనుకవైపు కూడ కనబడునట్లు తెరచి, తీగె కుంచెతో త్రుప్పు పూర్తిగా రుద్ది, త్రుప్పు నిరోధించు పూత పూసి, మరమ్మతులకై అమ్ము ప్రత్యేకపు గారతో నింపవలెను. కమ్మి సన్నబడిపోయినచో ఇది చాలదు. ఇంజనీరు చూచి కొత్త కమ్మి వేయించవలెను. కొత్తగా కట్టువారికి ప్రమాణములు గలవు: కమ్మీలు వేయు కాంక్రీటులో కలుపు నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదు, సముద్రతీర ప్రాంతమున కమ్మి పైన 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండవలెను. మీ బోరు నీరు నోటికి ఉప్పగా నున్నచో కాలువ నీరో చెరువు నీరో తెచ్చుకొనుడు. క్యూరింగునకు కూడ అదే నీరు.

కప్పు, గాలి

పెంకుటిండ్లలో దూలములు, వాసములు గోడలోనికి దూరు చోట్లు మొదట కుళ్లును. అక్కడ మేకుతో గట్టిగా పొడిచి చూడవలెను. వెన్నలోవలె దిగినచో లోపల చెదలో చెమ్మో తినివేసినది. మట్టి గొట్టములు గోడపై కనబడిన చెదలు ఉన్నట్లే. గొట్టము దులిపినంత మాత్రమున పోవు.

తుపాను గాలి కప్పును అదిమి కూల్చునని పలువురి ఊహ. నిజమునకు గాలి కప్పును పైకి పీల్చును. చూరు అంచు, వెన్ను, మూలలు ముందు లేచును. కావున కప్పు బరువును నమ్మి ఊరకుండరాదు. వాసమును దూలమునకు, దూలమును గోడకు ఇనుప పట్టీలతోనో తీగెతోనో కట్టవలెను. ఆ కట్టు గోడలో కనీసము రెండు మూడడుగుల లోతునకు దిగవలెను. చూరు గోడ దాటి అడుగున్నరకు మించి ముందుకు రాకుండుట మంచిది. వసారా కప్పును ప్రధానపు కప్పుతో కలిపి వేయక వేరుగా వేసినచో, అది లేచిపోయినను ఇల్లు మిగులును. రేకుల ఇండ్లలో త్రుప్పు పట్టిన మరలు మార్చవలెను, అంచులందు దగ్గరగా బిగించవలెను. తాటాకు ఇండ్లపై పాత వలను పరచి, అంచులను నేలలో పాతిన గుంజలకు కట్టిన కొంత నిలుచును. నాలుగు వైపుల వాలుగల మన మండువా ఇంటి కప్పు రెండు వాలుల కప్పుకంటె గాలికి బాగుగా ఓర్చును. పాతవారు తెలిసియే కట్టిరో తెలియకయే కట్టిరో గాని, దానిని విరిచి రేకులు వేయించువారు ఒకమారు ఆలోచింపవలెను.

సిమెంటు రేకులలో రాతినార కలదు. కొట్టుట, కోయుట వలన లేచు ధూళి ఊపిరితిత్తులకు కీడు. తీయవలసి వచ్చినచో తడిపి, పగులగొట్టక దింపవలెను. పాత తలుపుల రంగులలో సీసముండవచ్చును. 2017 నవంబరు నుండియే రంగులలో సీసమునకు కఠినమైన పరిమితి అమలులోనికి వచ్చినది. అందుచే పాత రంగును పొడిగా గీకక, తడిపి గీకి, పిల్లలను ఆ దరిదాపులకు రానీయరాదు.

కరెంటు

టేకు పట్టీలపై గుడ్డ చుట్టిన తీగెలు ఇంకను కొన్ని ఇండ్లలో గలవు. లోపలి రబ్బరు ఎండి పొడియైనది. వానికి మరమ్మతు లేదు, మార్చవలసినదే. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావు రాగితీగె చుట్టువారు కావలివానికి కండ్లకు గంతలు కట్టుచున్నారు. మెయిను బోర్డు వద్ద 30 మిల్లీ ఆంపియర్లకు పనిచేయు ప్రాణరక్షక స్విచ్చిని పెట్టించుడు. కరెంటు మనిషి గుండా నేలకు పారబోవగానే అది రెప్పపాటులో నిలిపివేయును. దానిపైనుండు పరీక్ష మీటను నెలకొకమారు నొక్కి చూడవలెను. ఎర్తు గుంటలో వేసవియందు నీరు పోయవలెను. ముంపు ప్రాంతములలో బోర్డును పాత వరదల గుర్తుకంటె ఎత్తున బిగించవలెను. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలినప్పుడు లంక గ్రామములవారు ఆ గుర్తును చూచియే యున్నారు.

బట్టలారవేయు ఇనుప తీగె దండెము సర్వీసు తీగెకు తగులుటచే తడిబట్ట పట్టుకొన్న స్త్రీలు చనిపోవుచున్నారు. నేడే దానిని విప్పి కొబ్బరి త్రాడో నైలాను త్రాడో కట్టుడు. ఈ వ్యాసములోని పనులన్నిటిలో ఖర్చు తక్కువది, తొందరది ఇదియే.

పాములు

2018 వానకాలమున దివిసీమలో పాముకాట్లు విపరీతముగా పెరిగి, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరుసగా వచ్చిరి. ఆ ఆగస్టులో మోపిదేవిలో సర్పశాంతి యాగమును జరిపిరి. అది భక్తుల విశ్వాసము; ఎలుక కన్నము పూడ్చుట మాత్రము మన పని. ధాన్యమున్నచోటికి ఎలుక, ఎలుక ఉన్నచోటికి పాము వచ్చును. గోడ మొదటి కన్నములను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూయవలెను. స్నానపు గది తూముకు జల్లెడ, తలుపు క్రింది సందుకు పట్టీ కొట్టవలెను. పిడకలు, వంటచెరకు ఇంటి గోడకు ఆనించి పేర్చరాదు, చీకటిలో వానిలో చేయి పెట్టరాదు. కట్లపాము రాత్రివేళ నేలపై పడుకొన్నవారిని కరచును. నొప్పియు వాపును పెద్దగా ఉండవు. తెల్లవారునప్పటికి కడుపునొప్పి, కనురెప్పలు వాలుట కనబడినచో గాలి సోకినదని మంత్రగాని కొరకు పోక వెంటనే ఆసుపత్రికి పోవలెను. మంచము, పరుపు క్రిందికి దోపిన దోమతెర దీనికి మంచి రక్షణ. కాటును కోయరాదు, పీల్చరాదు, త్రాడుతో బిగించరాదు. కరచిన అవయవమును కదలకుండ బద్దకట్టి 108 బండికి కబురు చేయవలెను.

చివరగా అటక ఎక్కుడు. అక్కడ పాత పురుగుమందు డబ్బాలుండును. 2011లో సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాను కూడ కొన్ని ఇండ్లలో దుమ్ము పట్టి యుండవచ్చును. వంట గది పైన, ధాన్యపు గాదె ప్రక్కన వీనికి చోటు లేదు. వాడుకలో ఉన్న మందును ఇంటికి వేరుగా, తాళమువేసిన పెట్టెలో, పిల్లలకు అందని ఎత్తున ఉంచవలెను. ఖాళీ డబ్బాతో నీరు ముంచరాదు, నూనె పోయరాదు. అడుగున కన్నములు పొడిచి పనికిరాకుండ చేయవలెను. నిషేధించిన మందులను కాలువలో పారబోయక, మీ మండల వ్యవసాయాధికారికి చూపి ఆయన చెప్పినట్లు అప్పగింపుడు.