మడత ఫోను

పిల్లలూ! బదిలీ ఆర్డరు రాగానే మన ఇళ్ళలో ముందుగా బయటికి వచ్చేవి అట్టపెట్టెలు. సామాను సర్దుతుంటే ఒక్కోసారి ఏ సొరుగు అడుగునో పాత మడత ఫోను కనిపిస్తుంది. ఇంటర్నెట్టు లేదు, ఆటలు లేవు, మరి ఇందులో ఏముంది? తెరిచి చూద్దాం.

మడత ఎందుకు?

ఫోనులో వినే భాగం చెవి దగ్గర, మాట్లాడే భాగం నోటి దగ్గర ఉండాలి. అంత పొడవైనది జేబులో పెట్టుకోవడం ఇబ్బంది. అందుకని మధ్యలో కీలు పెట్టి పుస్తకంలా మడిచారు. 1996లో మోటరోలా సంస్థ తెచ్చిన స్టార్‌టాక్ ఇలాంటి ఫోన్లకు పేరు తెచ్చింది. దాని బరువు సుమారు 88 గ్రాములే. మూసి ఉంచితే తెర మీద గీతలు పడవు, జేబులో బటన్లు వాటంతటవే నొక్కుకోవు.

మూస్తే మాట ఆగేదెలా?

చాలా మడత ఫోన్లలో మూత మూయగానే కాల్ ఆగిపోతుంది. మూతలో చిన్న అయస్కాంతం, కింది భాగంలో దాన్ని గుర్తించే పరికరం ఉంటాయి. రెండూ దగ్గరైతే మూత పడిందని ఫోనుకు తెలుస్తుంది. 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని వేలితో తడిమితే చూడకుండానే మిగతా అంకెలు ఎక్కడున్నాయో తెలుసుకోవచ్చు.

అమ్మకు 4, నాన్నకు 8

ఒక్కో బటన్ మీద మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. చాలా పాత ఫోన్లలో తెలుగు లిపి లేదు కాబట్టి తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాలతో రాసేవాళ్ళం. 'అమ్మ' అని రాయడానికి 4 నొక్కులు చాలు. 'నాన్న'కు 8 కావాలి, ఎందుకంటే 'ఎన్' అక్షరం 6వ బటన్‌లో రెండోది. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషైతే 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70 స్థానాలే. ఒత్తు, గుణింతపు గుర్తు విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి 'స్త్రీ' అనే ఒక్క అక్షరమే 6 స్థానాలు తీసుకుంటుంది!

సిమ్ మార్చిన రోజు

అప్పట్లో సొంత రాష్ట్రం దాటితే వచ్చిన కాల్‌కు కూడా రోమింగ్ రుసుము పడేది. అందుకే కొత్త ఊరు చేరగానే మనలో చాలామంది కొత్త సిమ్ కొనుక్కునేవాళ్ళం. నంబరు మారిపోయేది. పాత సిమ్‌లో దాచిన పేర్లను ముందు ఫోనులోకి ఎక్కించి, ఆ తర్వాతే సిమ్ తీయాలి. ఆ తొందరలో ఎవరి పేరైనా వదిలేస్తే వారి నంబరు మన దగ్గర ఉండదు, మన కొత్త నంబరు వారికి తెలియదు. అలా ఎన్నో స్నేహాలు పాత ఊళ్ళలోనే ఉండిపోయాయి. 2015 జులై 3 నుంచి దేశంలో ఏ రాష్ట్రానికి వెళ్ళినా పాత నంబరునే ఉంచుకునే వీలు వచ్చింది. బదిలీల మీద బతికే మనకు అది చిన్న మేలు కాదు.

అయినా ఒక పని చేయండి. మీ ప్రాణస్నేహితుల నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి, రెండు మూడైనా నోటికి నేర్చుకోండి. ఫోను పాడైనా, పోయినా, మళ్ళీ ఊరు మారినా ఆ స్నేహితులు మీతోనే ఉంటారు.