బంతి నెట్‌లోనే ఎందుకు పడుతుంది?

టెన్నిస్ కొత్తగా నేర్చుకునేవాళ్లు కొట్టే బంతులు చాలావరకు నెట్‌లోనే పడతాయి. దానికి కారణం బలం చాలకపోవడమని పిల్లలు అనుకుంటారు. ఎక్కువసార్లు అసలు కారణం, బంతిని మరీ తక్కువ ఎత్తులో కొట్టడమే.

నెట్ ఎత్తు అంతటా ఒకేలా ఉండదు. స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు, మధ్యలో 3 అడుగులే. కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్ కోర్టును ఐమూలగా కొలిస్తే 82 అడుగుల పైనే వస్తుంది. అంటే ఐమూలగా కొట్టిన బంతి నెట్ తగ్గిన చోట దాటుతుంది, అవతల పడటానికి చోటూ ఎక్కువ దొరుకుతుంది. పక్క గీత వెంబడి కొట్టే షాట్ చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ, అందులో ఈ రెండు లాభాలూ ఉండవు.

మరి ఎత్తుగా కొడితే బంతి బయటికి పోదా? పోకుండా ఉండాలంటే రాకెట్‌ను కింద నుంచి పైకి తెస్తూ కొట్టాలి. అప్పుడు బంతి ముందుకు దొర్లుతున్నట్టు గాల్లో తిరుగుతుంది. అలా తిరిగే బంతి గాలిని పైకి మళ్లిస్తుంది, గాలి బంతిని కిందికి నెడుతుంది. దీన్నే టాప్‌స్పిన్ అంటారు. రఫెల్ నడాల్ ఫోర్‌హ్యాండ్‌కు అసలు బలం ఇదే.

ఇంకో పొరపాటు, బంతి తగలకముందే అవతలి వైపు చూడటం. రోజర్ ఫెదరర్ ఫొటోలు చూడండి, చూపు రాకెట్‌కు బంతి తగిలే చోటే ఉంటుంది.

ఈసారి ఆడేటప్పుడు నెట్‌కు రెండు మూడు అడుగుల పైనుంచి, ఐమూలగా కొట్టి చూడండి.