తెర మీది రోడ్డు, కాళ్ళలోని వాట్లు: మహిళా జట్ల వర్చువల్ టైమ్ ట్రయల్

సామర్థ్యానికి నిర్వచనం మీరు ఇంతకుముందే చదివారు: ఏకాంక కాలంలో జరిగిన పని సామర్థ్యం, దాని ప్రమాణం వాట్. ఈ భాగంలో పూర్తిగా వాట్ల మీదే నడిచే ఒక క్రీడను పరిశీలిద్దాం.

సైకిల్ వెనుక చక్రం తీసి, చట్రాన్ని స్మార్ట్ ట్రైనర్ అనే పరికరానికి బిగిస్తారు. తొక్కేవారు ఎన్ని వాట్ల సామర్థ్యంతో తొక్కుతున్నారో ఆ పరికరం కొలిచి కంప్యూటర్‌కు పంపుతుంది. జ్విఫ్ట్ వంటి సాఫ్ట్‌వేర్ ఆ వాట్లను, తొక్కేవారి బరువును, ఎత్తును, తెర మీది రోడ్డు వాలును కలిపి వేగాన్ని లెక్కకడుతుంది. తెర మీద ఎత్తు వస్తే ట్రైనర్ తనంతట తానే బిగుసుకుంటుంది. చెమట నిజం, అలసట నిజం; వేగం మాత్రం లెక్క.

టైమ్ ట్రయల్‌లో ప్రత్యర్థి గడియారమే. జట్టు టైమ్ ట్రయల్‌లో సభ్యులు ఒకరి వెనుక ఒకరు వరుసగా సాగుతూ, ముందు స్థానాన్ని వంతులవారీగా మార్చుకుంటారు. ఒలింపిక్స్‌లో ఈ పోటీ 1960 నుంచి 1992 వరకు పురుషులకే ఉండేది. మహిళలకు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 1987లో మొదలై 1994లో ఆగింది. 2012 నుంచి 2018 వరకు క్లబ్ జట్ల పోటీగా మళ్ళీ నడిచింది. జ్విఫ్ట్‌లో గురువారాల్లో జరుగుతూ వచ్చిన జట్టు టైమ్ ట్రయల్‌లో ఎనిమిది మంది దాకా దిగవచ్చు, కాని నాల్గవ సభ్యురాలు గీత దాటిన సమయమే జట్టు సమయం. అంటే అందరికన్నా బలమైన ఆమె ఎంత ముందుగా చేరినా లాభం లేదు. నాల్గవ ఆమెను వెంటబెట్టుకొని రావాలి.

ఇది ఎందుకు లాభిస్తుందో లెక్క వేసి చూద్దాం. కాగితం, పెన్సిల్ తీసుకోండి.

ఒకామె బరువు 55 కి.గ్రా., సైకిల్ 8 కి.గ్రా. అనుకోండి. సమతలంపై గంటకు 36 కి.మీ., అంటే సెకనుకు 10 మీటర్ల వేగం. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కి.గ్రా., ముఖ వైశాల్యం, నిరోధ గుణకాల లబ్ధం 0.28 చదరపు మీటర్లు అనుకుంటే గాలి నిరోధం 16.8 న్యూటన్లు. దాన్ని వేగంతో గుణిస్తే 168 వాట్లు. టైరుకు, రోడ్డుకు మధ్య దొర్లుడు ఘర్షణ గుణకం 0.005 అయితే దానికి మరో 31 వాట్లు. మొత్తం సుమారు 200. ఇప్పుడు ఆమె మరొకరి వెనుక చేరింది. ముందున్నవారు చీల్చిన గాలిలో నిరోధం 30 శాతం తగ్గిందనుకుంటే 168 కాస్తా 118 అవుతుంది; మొత్తం సుమారు 150 వాట్లు. ఇదే కొలతలున్న నలుగురు సమానంగా వంతులు వేసుకుంటే ఒక్కొక్కరి సగటు సుమారు 162 వాట్లు.

అదే 162 వాట్లతో ఒంటరిగా తొక్కితే వేగం గంటకు సుమారు 33.3 కి.మీ. దాటదు. 40 కి.మీ. దూరానికి ఒంటరి సమయం 72 నిమిషాలు, జట్టు సమయం 66 నిమిషాల 40 సెకన్లు. ఎవరి బలమూ పెరగకుండానే అయిదు నిమిషాలకు పైగా కలిసివచ్చింది. నలుగురూ సమాన బలం కలవారు కాకపోతే వంతుల నిడివి మారుస్తారు: బలమైన ఆమె రెండు నిమిషాలు ముందుంటే, అలసిన ఆమె ఇరవై సెకన్లే ఉంటుంది.

నేను ఉండే సికింద్రాబాద్ యాప్రాల్‌లో నలుగురు స్త్రీలు ఇలా చక్రం వెంట చక్రంగా సాధన చేయాలంటే తెల్లవారుజామున ఖాళీ రోడ్డు దొరకాలి. కంటోన్మెంట్ రోడ్ల మీద రాకపోకల ఆంక్షల గొడవ ఇక్కడివారికి తెలిసిందే. 2023లో ప్రారంభమైన, సౌరఫలకాల కప్పుతో 23 కి.మీ. సాగే సైకిల్ దారి ఉంది కాని, అది నగరానికి అవతలి కొసన, నార్సింగి వైపు. తెర మీది రోడ్డుకు ఈ చిక్కులు లేవు. ఒకరు యాప్రాల్‌లో, ఒకరు వరంగల్‌లో, ఒకరు విజయవాడలో, మరొకరు న్యూజెర్సీలో ఉండి, చెవిలో "అక్కా, ఇక నువ్వు ముందుకు రా" అని చెప్పుకుంటూ ఒకే జట్టుగా తొక్కవచ్చు. అయితే ట్రైనర్ ధర పదుల వేల రూపాయలు. ఈ క్రీడ అందరికీ అందుబాటులో ఉందని చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇంకో చిక్కు వేడి. కండరాల దక్షత సుమారు 22 శాతం. 162 వాట్లు పెడల్‌కు చేరాలంటే శరీరం 736 వాట్లు ఖర్చు చేయాలి. మిగిలిన 570 పైచిలుకు వేడిగా మారుతుంది. తెర మీద 36 కి.మీ. వేగపు గాలి వీస్తున్నా గదిలో గాలి కదలదు. మే నెలలో ఎదురుగా పెద్ద ఫ్యాన్ లేకుండా గంటసేపు తొక్కడం సాహసం కాదు, అవివేకం.

మహిళల సైక్లింగ్‌కు ఈ తెర కొంత న్యాయం చేసింది. 2020 జులైలో జరిగిన వర్చువల్ టూర్ డి ఫ్రాన్స్‌లో స్త్రీలు, పురుషులు ఒకే మార్గాలపై పోటీపడ్డారు. అదే ఏడాది డిసెంబరు 9న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తొలి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిపింది. ఇద్దరికీ ఒకే దూరం, సుమారు 50 కి.మీ. దక్షిణాఫ్రికాకు చెందిన యాష్లీ మూల్మన్-పాసియో మహిళల విజేత.

ఇక అసలు సమస్యకు వద్దాం: బరువు. రోడ్డు మీద బరువును భూమి లాగుతుంది. తెర మీద మనం టైపు చేసిన అంకెను లాగుతుంది. 5 శాతం వాలుపై గంటకు 18 కి.మీ. వేగంతో ఎక్కడానికి మన ఉదాహరణలోని ఆమెకు గురుత్వాన్ని ఎదిరించేందుకే 154 వాట్లు కావాలి. ఆమె తన బరువు 50 అని నమోదు చేస్తే 142 చాలు. అందుకే పెద్ద పోటీల్లో కెమెరా ముందు బరువు తూచి చూపమంటారు, రెండు వేర్వేరు పరికరాలతో వాట్లను నమోదు చేయిస్తారు.

అబద్ధపు అంకెను పట్టుకోవచ్చు. నిజంగానే తగ్గించుకున్న బరువు మాటేమిటి? వాట్లను కిలోగ్రాములతో భాగించిన అంకె చుట్టూ ఆట తిరిగినప్పుడు, లవం పెంచడం కన్నా హారం తగ్గించడం సులువుగా తోస్తుంది. తిండి తగ్గిస్తారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ పరిస్థితికి ఒక పేరు పెట్టింది. తెలుగులో 'క్రీడలో సాపేక్ష శక్తి లోపం' అనవచ్చు. వ్యాయామానికి పోగా దేహ నిర్వహణకు శక్తి చాలక నెలసరి క్రమం తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి, చివరికి వాట్లు కూడా పడిపోతాయి. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కండరానికి ప్రాణవాయువు మోసేది హీమోగ్లోబిన్ కాబట్టి, అలాంటి చోట జట్టు కెప్టెన్ మొదట అడగవలసింది రక్తపరీక్ష ఫలితం, తూకం కాదు. గత పోటీల ఫలితాలను బట్టి శ్రేణులు నిర్ణయించే పద్ధతులు కూడా ఉన్నాయి. నా దృష్టిలో అవే మేలు. పైగా జట్టు టైమ్ ట్రయల్ మార్గం సమతలమైతే గాలి నిరోధమే ప్రధానం. పై లెక్కలో బరువుతో మారేది 31 వాట్ల దొర్లుడు ఘర్షణ ఒక్కటే. అయిదు కిలోలు తగ్గితే అక్కడ మిగిలేది రెండున్నర వాట్లు మాత్రమే.

ట్రైనర్ లేకపోయినా మీ సామర్థ్యాన్ని మీరే కొలుచుకోవచ్చు. అంతస్తు ఎత్తు 3 మీటర్లు అనుకొని, ఆరోగ్యం సహకరిస్తే నాలుగు అంతస్తుల మెట్లు ఎక్కి కాలం నమోదు చేయండి. మీ బరువును 9.8తో, 12 మీటర్లతో గుణించి, పట్టిన సెకన్లతో భాగించండి. 55 కి.గ్రా. బరువున్నవారు 40 సెకన్లలో ఎక్కితే వచ్చేది సుమారు 162 వాట్లు. పై జట్టులో ఒక్కొక్కరు అంతే సామర్థ్యాన్ని 66 నిమిషాల 40 సెకన్లు నిలుపుతారు. అంత సేపట్లో, అదే వేగంతో, మీరు ఎన్ని అంతస్తులు ఎక్కుతారో లెక్కించండి.