జంషెడ్‌పూర్ పటంలో యూరప్ వాదన: తిన్నని గీత, వంపు దారి, పటానికి ఎక్కని బస్తీ

జంషెడ్‌పూర్‌లో 'స్ట్రెయిట్ మైల్ రోడ్' అని ఒక రోడ్డు ఉంది. పేరుకు తగ్గట్టే తిన్నగా సాగుతుంది. బిష్టుపూర్‌లో 'కె రోడ్', 'ఎన్ రోడ్' అంటూ అక్షరాలతోనే పిలిచే వీధులున్నాయి. వాటికి నాయకుడి పేరూ లేదు, దేవుడి పేరూ లేదు. ఇంజినీరు పటం మీద వేసుకున్న గుర్తే జనం చిరునామా అయిపోయింది. ఇదే ఊళ్లో ఇంకో రకం రోడ్లూ ఉన్నాయి. అవి నేల వాలును బట్టి వంగుతాయి, వాగు ఎటు పోతే అటు పోతాయి, మలుపు దాటేదాకా ముందేముందో చూపించవు.

ఈ రెండు రకాల రోడ్లనూ గీసినవాళ్లు ఇంజినీర్లే. కానీ వాళ్ల చేతుల వెనక యూరప్‌లో నాలుగు వందల ఏళ్లు నడిచిన ఒక పెద్ద వాదన ఉంది. పునరుజ్జీవన యుగంలో మొదలై, రొమాంటిసిజం అని మనం పిలుచుకునే కాల్పనికోద్యమం దాకా సాగిన ఆ వాదన గురించి తెలుగులో మనం చదివేది ఎక్కువగా చిత్రకళ, కవిత్వం సందర్భంలోనే. లియొనార్డో, మైకెలాంజెలో, ఆ తర్వాత షెల్లీ, వర్డ్స్‌వర్త్. ఆ ఆలోచనలు ఛోటానాగపూర్ పీఠభూమి మీద ఇనుము కరిగించే ఊరికి రూపమిచ్చాయంటే కొంచెం వింతగానే ఉంటుంది. రూపం ఇవ్వడంతో పాటు, ఎవరి ఇల్లు పటంలో ఉండాలి, ఎవరిది ఉండకూడదు అన్న పేచీని కూడా అవి ఇక్కడికి తెచ్చాయి. జంషెడ్‌పూర్‌లో ఆ పేచీ ఇంకా తెగలేదు.

స్థలం దొరకకముందే ఊరు

1902లో జంషెట్జీ టాటా తన కొడుకు దోరాబ్జీకి ఒక ఉత్తరం రాశారు. ఉక్కు కర్మాగారం ఎక్కడ పెట్టాలో అప్పటికి తేలలేదు. అయినా ఊరు ఎలా ఉండాలో ఆయన చెప్పేశారు: వీధులు వెడల్పుగా ఉండాలి, త్వరగా ఎదిగే నీడ చెట్లు నాటాలి, పచ్చిక మైదానాలకు, తోటలకు, ఫుట్‌బాల్, హాకీ ఆటలకు చోటు వదలాలి, గుళ్లకు, మసీదులకు, చర్చిలకు స్థలాలు కేటాయించాలి. 1904లో ఆయన జర్మనీలో చనిపోయారు. 1907లో కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోట సాక్చి అనే పల్లె దగ్గర స్థలం దొరికింది. 1912లో ఉక్కు బయటికొచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

నేలను చూడకముందే ఊరిని ఊహించుకోవడం పునరుజ్జీవన యుగపు అలవాటు. పదిహేనో శతాబ్దపు ఫ్లోరెన్స్‌లో బ్రూనెల్లెస్కీ దృష్టికోణ సూత్రాన్ని చూపించాడు. సమాంతర రేఖలు దూరాన ఒక బిందువులో కలుస్తాయి కాబట్టి, ఒకచోట నిలబడ్డ ఒక మనిషి కన్ను మొత్తం లోకాన్ని లెక్క ప్రకారం పట్టేయగలదు. చిత్రకారులకు అదొక పనిముట్టు, పాలకులకు ఒక ఆశ. రాజు కిటికీలోంచి చూస్తే ఊరంతా ఒక్క చూపులో అర్థం కావాలి అన్నది ఆ ఆశ.

1593లో వెనిస్ గణరాజ్యం పాల్మనోవా అనే కోట నగరాన్ని ఈ ఆశతోనే కట్టింది. పై నుంచి చూస్తే తొమ్మిది కొనల నక్షత్రం, నడుమ ఆరు భుజాల చౌకు. గీత అంతా సరిగ్గా కుదిరింది గానీ, అక్కడ ఉండటానికి జనం రాలేదు. చివరికి 1622లో ఖైదీలకు క్షమాభిక్ష పెట్టి, స్థలాలిచ్చి, వాళ్లను అక్కడ కాపురం ఉంచాల్సి వచ్చింది. జంషెడ్‌పూర్‌లో జరిగింది సరిగ్గా దీనికి తిరగబాటు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

తిన్నని గీతకు తత్వశాస్త్రం నుంచి కూడా మద్దతు దొరికింది. పల్లెల నుంచి అడ్డదిడ్డంగా పెరిగిన పాత నగరాల కంటే, ఒక ఇంజినీరు ఖాళీ మైదానంలో తన ఇష్టప్రకారం గీసిన నగరమే చక్కగా ఉంటుందని డెకార్ట్ 1637లో రాశాడు. అదే చోట, వీధులు అందంగా చేయడం కోసం ఊళ్లోని ఇళ్లన్నీ ఎవరూ కూలగొట్టరని కూడా అన్నాడు. ఆయన అభిమానులు రెండో మాట అంతగా పట్టించుకున్నట్టు లేదు. ఆ తర్వాత లె నోత్ర్ వెర్సాయ్ ఉద్యానాన్ని పద్నాలుగో లూయీ కోసం గీశాడు. చెట్లు, నీళ్లు, దారులు అన్నీ రాజభవనం ముందు వరసలో నిలబడ్డాయి.

అయితే పునరుజ్జీవనం అంటే తిన్నని గీత ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆ యుగపు వాస్తుశాస్త్రానికి పెద్దదిక్కు అల్బెర్తి. పెద్ద నగరానికి గంభీరత కోసం తిన్నని విశాలమైన వీధులు బాగుంటాయని ఒప్పుకుంటూనే, చిన్న ఊళ్లో మాత్రం వీధి నదిలా మెల్లగా వంపు తిరగాలన్నాడు. అలాగైతే వీధి పొడవుగా అనిపిస్తుంది, అడుగడుగునా కొత్త ఇంటి ముఖం కనిపిస్తుంది, శత్రువుకు దారి తెలియదు. నడిచే మనిషి కంటితో ఊరిని చూసినవాడు రాసిన మాట ఇది.

వంపు దారి కూడా ఊళ్లు లేపింది

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్ వెర్సాయ్ మీద తిరగబడింది. విలియం కెంట్, ఆ తర్వాత 'కేపబిలిటీ' బ్రౌన్ అనే తోటల రూపకర్తలు వరసలు చెరిపేశారు. పాములా తిరిగే చెరువులు, గుంపులు గుంపులుగా చెట్లు, కంచె కనబడకుండా దాన్ని కందకంలో దాచడం వాళ్ల పద్ధతి. చూసేవాడికి ఇది ప్రకృతే అనిపించాలి. రూసో ప్రకృతిని మనసుకు గురువుగా నిలబెట్టాడు. 1778లో చనిపోయాక ఆయన్ని ఎర్మెనోన్‌విల్ అనే అలాంటి ఒక తోటలోనే, చెరువు మధ్య దీవిలో పాతిపెట్టారు. కాల్పనిక కవులు పుట్టి పెరిగిన వాతావరణం ఇదే.

మన భావకవిత్వం ద్వారా ఈ ఉద్యమం తెలుగువారికి దగ్గరిది. రాయప్రోలు, కృష్ణశాస్త్రి మనకు దాని వెన్నెలను, ఏకాంతాన్ని, విరహాన్ని ఇచ్చారు. దాని నేల గొడవ మాత్రం మన దాకా అంతగా రాలేదని నాకనిపిస్తుంది.

ఆ గొడవ చిన్నదేమీ కాదు. ఇంగ్లండ్‌లోని డార్సెట్‌లో లార్డ్ మిల్టన్ అనే భూస్వామికి తన భవనం పక్కనున్న పాత ఊరు కంటికి అడ్డమైంది. 1780 ప్రాంతంలో దాన్ని తొలగించి, చూపుకు అందని లోయలో మిల్టన్ అబ్బాస్ అనే కొత్త ఊరు కట్టించాడు. ఆ పనిలో బ్రౌన్ చెయ్యి ఉంది. ఇలా భూస్వాముల సోకుకు పల్లెలు ఖాళీ కావడం గురించి ఆలివర్ గోల్డ్‌స్మిత్ అప్పటికే 1770లో 'ది డెసర్టెడ్ విలేజ్' అనే కావ్యం రాశాడు. తిన్నని గీత రాజుగారి పెత్తనం, వంపు గీత స్వేచ్ఛ అని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. మిల్టన్ అబ్బాస్‌లో ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఆ తేడా ఎంతమాత్రం తెలిసి ఉంటుంది?

పంతొమ్మిదో శతాబ్దంలో కర్మాగారాల పొగ మధ్య ఈ ఉద్యమానికి ఇంకో ముఖం వచ్చింది. గోథిక్ చర్చి చెక్కిన శిల్పికి తన పనిలో స్వేచ్ఛ ఉండేదనీ, యంత్రం దగ్గర నిలబడ్డ కార్మికుడికి అది లేదనీ జాన్ రస్కిన్ 1853లో వాదించాడు. విలియం మోరిస్ ఆ వాదనను సోషలిజం వైపు తీసుకెళ్లాడు. ఆ గాలి పీల్చిన తరానికి చెందిన ఎబెనెజర్ హోవార్డ్ పల్లె, పట్నం రెండింటి మంచినీ కలిపే 'ఉద్యాన నగరం' అనే ఆలోచనను 1898లో పుస్తకంగా తెచ్చాడు. అది మార్పులతో, మనకు తెలిసిన పేరుతో మళ్లీ అచ్చయింది 1902లో. టాటా ఉత్తరం రాసిన ఏడాదీ అదే. ఒకటి చదివి ఇంకొకటి రాశారని చెప్పడానికి ఆధారం అక్కర్లేదు, ఆ రోజుల్లో ఆ ఊహ గాలిలోనే ఉంది. తమాషా ఏమిటంటే, 1904లో దక్షిణాఫ్రికాలో రైలు ప్రయాణంలో గాంధీ చదివి ఫీనిక్స్ ఆశ్రమం పెట్టింది కూడా రస్కిన్ పుస్తకం ప్రభావంతోనే. ఒకే రస్కిన్ నుంచి ఒక దారి చేనూ పారా పట్టిన ఆశ్రమానికి వెళితే, ఇంకో దారి చుట్టూ తిరిగి బ్లాస్ట్ ఫర్నేసు పక్కనున్న పార్కుకు వచ్చింది.

ఒకే నేల మీద ఇద్దరు ఇంజినీర్లు

జంషెడ్‌పూర్ మొదటి పటాన్ని అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెన్నెడీ సంస్థ గీసింది. అక్షరాల వీధులు ఆ చేతి గుర్తులే. సూపర్‌వైజర్ల బంగళాలు ఒకవైపు, కూలీల లైన్లు ఇంకోవైపు. ఇది చదరంగపు గళ్ల పద్ధతి, త్వరగా గీయొచ్చు, త్వరగా కట్టొచ్చు. కానీ ఊరు ఇంకా త్వరగా పెరిగింది. 1911 జనాభా లెక్కల్లో 6 వేల లోపున్న జనం 1921కి 57 వేలు దాటారు.

అప్పుడు వచ్చినవాడు ఎఫ్.సి. టెంపుల్. బిహార్-ఒడిశా ప్రభుత్వంలో పారిశుధ్య ఇంజినీరు. ఆయన పటం మురుగునీటితో మొదలైంది. నీరు పల్లానికి పోతుంది కాబట్టి కాలువలు లోయల వెంట వెళ్లాలి, రోడ్లు నేల వాలును అనుసరించాలి, వాగుల గట్లు పచ్చగా వదిలేయాలి. దీన్ని కవిత్వం అని ఆయన అనుకొని ఉండడు. కానీ నేల చెప్పినట్టు వినడమన్న కాల్పనికుల సూత్రం మురుగు కాలువ లెక్కల్లోకి దిగితే ఇలాగే ఉంటుంది. ఆదివాసీ కార్మికుల కోసం ఆయన ఆరు భుజాల అమరికలో ఇళ్లు, నడుమ ఖాళీ స్థలం ఉండే నమూనా వేశాడు. పాల్మనోవాలో సైన్యం నిలబడటానికి గీసిన షడ్భుజి ఇక్కడ పల్లె వాకిలిని తలపించడానికి వచ్చింది.

టెంపుల్ అంటే నాకు గౌరవం ఉంది. అయినా ఒక సందేహం వదలదు. హో, సంతాల్ కుటుంబాలకు తమదైన ఊరి పద్ధతి ఉండాలనుకోవడం ఆదరమే. ఆ ఊరిని తామే గీసుకునే హక్కు గురించి మాత్రం ఎవరూ అడగలేదు. పల్లెను ప్రేమించి, పల్లెవాణ్ణి సంప్రదించకపోవడం కాల్పనికుల పాత జబ్బు.

1936లో స్టోక్స్ పటం వచ్చింది. ఆ తర్వాతది ముఖ్యమైనది. హిట్లర్ పాలనలో ఉద్యోగం పోగొట్టుకున్న బెర్లిన్ యూదు వాస్తుశిల్పి ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ 1939లో మైసూరు సంస్థానంలో చేరాడు. 1940ల మధ్యలో జంషెడ్‌పూర్ కోసం ఒక అభివృద్ధి ప్రణాళిక తయారుచేశాడు. బడి, అంగడి నడిచే దూరంలో ఉండే చిన్న చిన్న పేటలుగా ఊరిని విడదీయడం దాని ప్రాణం. కొన్నేళ్లకే భువనేశ్వర్ పటం గీసింది కూడా ఈయనే.

ఇక 1958లో కంపెనీ స్వర్ణోత్సవానికి నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కులో పాత వాదులిద్దరూ రాజీపడ్డట్టు కనిపిస్తారు. మైసూరు బృందావన్ గార్డెన్స్ నమూనాలో నడిమి గీత వెంట ఫౌంటెన్లు మెట్లు మెట్లుగా దిగుతాయి, ఆ పక్కన చెరువు ఒంపులు తిరుగుతుంది. ఇక్కడొక సంగతి మరచిపోకూడదు. బృందావన్‌కు ప్రేరణ కశ్మీర్‌లోని మొఘల్ షాలిమార్. తిన్నటి నీటి కాలువ యూరప్ నుంచే రానక్కర్లేదు, పర్షియా నుంచి మన దగ్గరికి ఎప్పుడో వచ్చింది.

పటానికి బయట

పాల్మనోవాకు మనుషులు రాలేదు. జంషెడ్‌పూర్‌కు మాత్రం పటం పట్టనంత మంది వచ్చారు. ఛత్తీస్‌గఢ్, బిహార్, ఒడిశా, బెంగాల్ నుంచి, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూడా. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం చూస్తే గుళ్లకు చోటు వదలమన్న ఉత్తరం గుర్తొస్తుంది. కానీ కంపెనీ క్వార్టర్లు అందరికీ చాలలేదు. చాలనివాళ్లు తామే కట్టుకున్నారు. అలా పుట్టిన బస్తీలకు వంపు తిరిగిన సందులున్నాయి, ఏ వాస్తుశిల్పి ప్రమేయమూ లేకుండా. అల్బెర్తి మెచ్చుకునేవాడేమో.

అమరావతిని గమనించేవాళ్లకు ఇది దూరపు ముచ్చట కాదు. అక్కడ 29 గ్రామాల రైతుల నుంచి 33 వేల ఎకరాలకు పైగా సమీకరించి, 2015 అక్టోబరు 22న శంకుస్థాపన చేశారు. పరిపాలనా కేంద్రానికి నార్మన్ ఫోస్టర్ సంస్థ గీసిన పటంలో నడుమ ఒక పొడవాటి పచ్చని అక్షం, దానికి అటూ ఇటూ నీళ్లూ భవనాలూ ఉన్నాయి. భూమి ఇచ్చిన రైతుకు పటంలో ఒక ప్లాటు నంబరు ఉంది. ఆ పొలాల్లో పనిచేసిన భూమిలేని కూలీకి దక్కింది నెలవారీ పింఛను. అక్షం తిన్నగా ఉందా, వంపుగా ఉందా అని మనం చర్చించుకున్నంతగా ఈ రెండో సంగతి చర్చించుకోలేదు.

జంషెడ్‌పూర్‌లో ఆ ప్రశ్నకు ఒక అంకె ఉంది, 86. 2005 ఆగస్టులో టాటా స్టీల్ భూమి లీజును 2025 డిసెంబరు 31 వరకు పునరుద్ధరించినప్పుడు 86 బస్తీల భూమిని లీజు నుంచి బయటికి తీశారు. దాంతో అది కంపెనీది కాకుండా పోయింది. ఇళ్లలో ఉంటున్నవాళ్లదీ కాలేదు. ప్రభుత్వం ఆ తర్వాత లీజు పట్టా ఇస్తామంది. బస్తీవాళ్లు అడుగుతున్నది 'మాలికానా హక్', అంటే యాజమాన్య హక్కు. ప్రతి ఎన్నికలోనూ అభ్యర్థులు ఈ మాట మాట్లాడక తప్పదు. కంపెనీ పౌర సేవలు నడిపే నగరంలో వీళ్లు అర్జీ పెట్టుకోవడానికి తాము ఎన్నుకున్న నగరపాలక సంస్థ ఒకటి లేదు.