వెండిరేకు చెప్పిన సాక్ష్యం

పిల్లలూ! మీ అమ్మమ్మగారి బీరువాలో చాలాకాలంగా వాడని వెండి గిన్నె ఏదైనా ఉంటే ఒకసారి తీసి చూడండి. తెల్లగా మెరవవలసిన వెండి నల్లబడి ఉంటుంది. వెంటనే మనం ఏం చేస్తాం? చింతపండో, విభూదో పెట్టి తళతళలాడేవరకు తోముతాం. ఇంట్లో వాడుకునే గిన్నెకు ఫరవాలేదు. కాని కొన్ని పాత వస్తువులను అలా తోమితే, అవి చెప్పవలసిన సాక్ష్యం చెరిగిపోతుంది. అటువంటి వస్తువు కథే ఇది.

1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ అనే పెద్ద ఓడ అట్లాంటిక్ సముద్రంలో మంచుకొండను ఢీకొన్నది. తెల్లవారకముందే మునిగిపోయింది. సుమారు 1,500 మంది చనిపోయారు. ఆ ఓడలో 8 మంది వాద్యకారులు ఉన్నారు. ప్రయాణికులు బెదిరిపోకుండా ఉండాలని, ఓడ మునుగుతున్నా వారు వాయిస్తూనే ఉన్నారు. వారిలో ఒక్కరూ బ్రతకలేదు. వారి నాయకుడు వాలెస్ హార్ట్‌లీ అనే ఇంగ్లండు యువకుడు. అతని వయస్సు 33 సంవత్సరాలు.

హార్ట్‌లీ వయొలిన్ మరియా రాబిన్సన్ అనే యువతి ఇచ్చిన కానుక. 1910లో వారికి పెళ్ళి నిశ్చయమైంది. ఆ సందర్భాన్ని చెబుతూ ఇద్దరి పేర్లూ చెక్కిన చిన్న వెండిరేకు ఆ వయొలిన్‌కు బిగించి ఉంది.

2006లో ఇంగ్లండులో ఒక ఇంటి అటకమీద, తోలుసంచీలో, ఇటువంటి రేకు ఉన్న వయొలిన్ బయటపడింది. ఇది నిజంగా ఆ వయొలినేనా? రేకుమీద పేర్లు చెక్కడం ఎంతసేపు? పనివాడు ఒక పూటలో చెక్కగలడు. అందుకే దానిని వెంటనే వేలానికి పెట్టలేదు. సుమారు 7 సంవత్సరాలు పరీక్షలు జరిపించారు.

ఇప్పుడు కొంచెం రసాయనశాస్త్రం చూద్దాం. ఇంట్లో వెండి నల్లబడటానికి కారణం గాలిలో అతి కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడు. అందులోని గంధకం వెండితో కలిసి నల్లని సిల్వర్ సల్ఫైడు ఏర్పడుతుంది. ఉడికిన గుడ్డులోని పచ్చసొనలో గంధకం ఉంది. ఒక మూత సీసాలో ఉడికిన గుడ్డు ముక్కలు, పాత వెండి ఉంగరం ఉంచి చూడండి. ఉంగరం నల్లబడటం మీకే తెలుస్తుంది.

సముద్రపు నీటి సంగతి వేరు. లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలో ముఖ్యమైనది మనం తినే ఉప్పు, అంటే సోడియం క్లోరైడు. క్లోరైడు లోహాలను మరొక రకంగా తినివేస్తుంది. వెండిమీద సిల్వర్ క్లోరైడు, అందులో కలిపిన రాగి మీద ఆకుపచ్చని పదార్థాలు ఏర్పడవచ్చు. కనుక ఒక లోహం బీరువాలో మాసిందా, సముద్రంలో నానిందా అన్నది దాని మీది పొరను బట్టి తెలుసుకోవచ్చు.

పరీక్షించినవారు వయొలిన్ మీది తుప్పు సముద్రపు నీటిలో మునగడానికి సరిపోతున్నదన్నారు. వెండి సామానులో ఆరితేరిన నిపుణుడు ఆ రేకు ఆ కాలానికి తగినదేనా అని పరిశీలించాడు. ఆసుపత్రిలో మనుషులకు తీసినట్టే వయొలిన్‌కు సి.టి. స్కాన్ తీసి, చెక్కలోని పగుళ్ళు చూశారు. మరియా డైరీలో మరొక ఆధారం దొరికింది. వయొలిన్ తిరిగి పంపినందుకు కెనడాలోని నోవాస్కోషియా అధికారికి కృతజ్ఞతలు చెబుతూ 1912 జులైలో ఆమె వ్రాసుకున్న తంతి ప్రతి అది.

2013 అక్టోబరు 19న ఇంగ్లండులోని డివైజెస్ పట్టణంలో వేలంపాట జరిగింది. పాట 9 లక్షల పౌండ్ల వద్ద ఆగింది!

అయినా అందరూ ఒప్పుకోలేదు. వయొలిన్ చెక్కలను అతికేది జంతువుల చర్మాల నుంచి తీసే వజ్రంతో. నీటిలో నానితే ఆ జిగురు పట్టు విడవదా అని కొందరు అడిగారు. మంచి ప్రశ్నే! ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. “సరిపోతున్నది” వేరు, “రుజువైంది” వేరు. తుప్పు ఆ వయొలిన్ సముద్రంలో మునిగి ఉండవచ్చునని చెబుతుంది గాని, ఎవరి చేతిలో ఉన్నదో చెప్పదు. అది డైరీ చెప్పాలి, రేకు చెప్పాలి. అన్ని సాక్ష్యాలూ ఒకే వైపు చూపినప్పుడే మన నమ్మకం బలపడుతుంది.

ఎవరైనా ఇల్లు సర్దుతూ, మెరవాలని ఆ రేకును గట్టిగా తోమి ఉంటే? తుప్పుతోపాటు ఒక సాక్షి పోయేవాడు. అందుకే అటకమీద పాత వస్తువేదైనా దొరికితే, తోమేముందు ఒక్కసారి భూతద్దం పెట్టి చూడండి. మీకు మురికిగా కనబడేది దాని చరిత్ర కావచ్చు.